పైపులో తుప్పు, పట్టాలో పగులు: అయస్కాంతం ఏది చెప్పగలదు, ఏది చెప్పలేదు

1868లో ఇంగ్లండ్‌లో శాక్స్‌బీ అనే ఆయన ఇనుప తుపాకీ గొట్టాలను చాలా సులువుగా పరీక్షించే దారి చూపించాడు. గొట్టానికి అయస్కాంతత్వం ఎక్కించి, దాని వెంబడి ఒక దిక్సూచిని మెల్లగా జరుపుకుంటూ పోవడమే ఆ పద్ధతి. ఇనుము బాగున్నంత మేరా ముల్లు నిలకడగా ఉంటుంది. ఉన్నట్టుండి ఒకచోట పక్కకు తిరిగిందంటే అక్కడ లోహంలో ఏదో తేడా ఉన్నట్టు. కోసి చూడనక్కర్లేదు, విరగ్గొట్టనక్కర్లేదు.

వందల కిలోమీటర్ల పైపులైను లోపల ప్రయాణించే యంత్రాలు, పట్టాల మీద తిరుగుతూ పగుళ్లు వెతికే బళ్లు ఈ రోజు చేస్తున్నది కూడా మూలంలో ఆ దిక్సూచి చేసిన పనే. ఎలక్ట్రానిక్స్ ఎంత మారినా ఒక విషయం మాత్రం మారలేదు. ఈ పరికరాల్లో ఏదీ పగులును చూడదు. పగులు వల్ల దారి మళ్లిన అయస్కాంత క్షేత్రాన్నో, కరెంటునో చూస్తుంది. ఈ ఒక్క మాటను గట్టిగా పట్టుకుంటే మిగతా చిక్కంతా విడిపోతుంది. ఇన్ని రకాల పద్ధతులు ఎందుకున్నాయో, ఒకదానికి దొరికింది ఇంకోదానికి ఎందుకు దొరకదో, ‘సిగ్నల్ ఏమీ రాలేదు’ అన్న రిపోర్టును ‘లోపం లేదు’ అని చదువుకుంటే ఎందుకు ప్రమాదమో తెలుస్తుంది.

కాలువలో పలక

పారే కాలువలో ఒక చెక్క పలకను నీటికి అడ్డంగా నిలబెట్టండి. నీళ్లు దాన్ని తప్పించుకుని అటూ ఇటూ తిరిగిపోతాయి. పలకకు ఎగువన మట్టం కాస్త ఉబుకుతుంది, దిగువన సుడులు కడతాయి. అక్కడ ఏదో ఉందని గట్టు మీద నుంచే చెప్పేయొచ్చు. అదే పలకను నీరు పారే దిశలోనే, అంచు ఎదురుగా ఉండేలా నిలబెట్టి చూడండి. నీళ్లు రెండు పక్కల నుంచీ జారిపోతాయి. పలక అదే, సైజు అదే, కానీ పైకి ఆనవాలు ఉండదు.

లోహంలో కరెంటు, అయస్కాంత క్షేత్రం ఇలాగే నడుచుకుంటాయి. పగులంటే చాలావరకు ఒక సన్నని గాలి పొర. గాలి కరెంటును పోనివ్వదు. ఇనుముతో పోలిస్తే అయస్కాంత రేఖలకు కూడా గాలి చాలా కష్టమైన దారి. కాబట్టి దారికి అడ్డంగా ఉన్న పగులు గట్టిగా చప్పుడు చేస్తుంది. దారి వెంబడి ఉన్నది నోరు మెదపదు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఇనుప రజనుతో చేసే పరీక్ష ఉంది. అమెరికాలో విలియం హోక్ అనే ఆయన గట్టి ఉక్కు ముక్కలను అయస్కాంతంతో పట్టి ఉంచి సానపడుతున్నప్పుడు, రాలిన లోహపు పొడి ఊరికే చెల్లాచెదురుగా పడకుండా కొన్నిచోట్ల గీతలుగా పేరుకోవడం గమనించాడు. ఆ గీతలు పగుళ్ల వెంటే ఉన్నాయి. పగులు దగ్గర ఉక్కులోంచి బయటికి పొంగిన క్షేత్రం పొడిని లాక్కుంటోందన్నమాట. 1922లో దీనికి ఆయనకు పేటెంటు వచ్చింది. వెల్డింగు అతుకులను తనిఖీ చేసేవాళ్లు ఈ పద్ధతిని ఇప్పటికీ రోజూ వాడతారు. వాళ్లు ఒకే చోటును తప్పకుండా రెండుసార్లు చూస్తారు. మొదటిసారి క్షేత్రాన్ని ఒక దిశలో నడిపి, రెండోసారి దానికి అడ్డదిశలో నడుపుతారు. మొదటిసారి దాక్కున్న పగులు రెండోసారి బయటపడుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు రెండోసారి అనవసరం అనుకుంటారేమో గానీ, ఈ వ్యాసంలో ఇక ముందు చెప్పబోయేదంతా ఆ రెండోసారి గురించే అనుకోవచ్చు.

నిండిపోయిన ఉక్కు

భూమిలో పాతిన పైపును బయటి నుంచి తడిమి చూసే వీల్లేదు. అందుకే పరికరాన్ని పైపు లోపలికే పంపుతారు. ఆ రంగంలో దాన్ని పిగ్ అంటారు. ఇంజను ఉండదు. పైపులో పారే గ్యాసో నూనో వెనక నుంచి తోస్తుంటే, చుట్టూ ఉన్న మెత్తటి కప్పులు పైపు గోడకు ఒరుసుకుంటుండగా ముందుకు సాగిపోతుంది. వీటిలో ఎక్కువగా వాడేది అయస్కాంత అభివాహపు (అంటే లోహం గుండా పారే అయస్కాంత రేఖల మొత్తం) లీకేజీని కొలిచే రకం. ఇవి 1960ల్లో వాడుకలోకి వచ్చాయి.

దాని ఒంటి మీద శక్తిమంతమైన శాశ్వత అయస్కాంతాలుంటాయి. ఉక్కు తీగల బ్రష్షులు పైపు గోడను తాకుతూ, ఒక ధ్రువం నుంచి అయస్కాంత అభివాహాన్ని గోడలోకి ఎక్కించి, కొంచెం దూరంలో రెండో ధ్రువానికి తిరిగి చేర్చుతాయి. ఆ రెండింటి మధ్య గోడకు ఆనుకుని చుట్టూ సెన్సార్ల వలయం ఉంటుంది. గోడ మందం సరిగ్గా ఉంటే అభివాహం గోడలోనే ఉండిపోతుంది. తుప్పు తిని గోడ పలచబడ్డ చోట కొంత బయటికి పొంగుతుంది. సెన్సార్లు పట్టుకునేది ఆ పొంగునే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని కీలకం ఒకటుంది. ఉక్కును ఓ మోస్తరుగా అయస్కాంతీకరిస్తే ఈ పద్ధతి పనిచేయదు. ఖాళీగా ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద ఒక లేను మూసేశారనుకోండి. బళ్లు మిగతా మూడు లేన్లలో సర్దుకుంటాయి, రోడ్డు దిగాల్సిన అవసరం ఎవరికీ రాదు. నాలుగు లేన్లూ కిక్కిరిసి ఉన్నప్పుడు ఒకటి మూస్తే మాత్రం బళ్లు రోడ్డు పక్క మట్టిలోకి దిగుతాయి. ఉక్కు కూడా అంతే. దానిలో ఇంకా చోటుంటే, తుప్పు దగ్గర దారి తప్పిన అభివాహం మిగిలిన మందంలోనే సర్దుకుంటుంది. బయటికి ఏమీ రాదు. అందుకే గోడను దాదాపు నిండే దాకా, సుమారు 1.6 టెస్లాకు (టెస్లా అంటే క్షేత్ర బలానికి కొలమానం) పైగా, అయస్కాంతీకరిస్తారు. భూమి అయస్కాంత క్షేత్రంతో పోలిస్తే అది 30 వేల రెట్ల పైమాటే. పైపు గోడ మందంగా ఉన్నకొద్దీ దాన్ని నింపడం కష్టం. పిగ్ అంత బరువుగా, లోపల అంత నిండా అయస్కాంతాలతో ఉండటానికి కారణం ఇదే.

వేగం ఇంకో చిక్కు. అయస్కాంతం లోహం పక్కనుంచి కదిలితే లోహంలో కరెంట్లు పుడతాయి. అవి ఆ అయస్కాంతాన్నే ఎదిరిస్తాయి. పిగ్ మరీ వేగంగా పోతే క్షేత్రం గోడ మందమంతా చొరబడే లోపే అయస్కాంతం అక్కడ్నుంచి దాటిపోతుంది. సెకనుకు కొన్ని మీటర్లు దాటితే కొలతలు చెడతాయి. గ్యాసు లైన్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఎక్కడో ఇరుక్కుని, వెనక ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా దూసుకుపోయిన ముక్క ఉంటే ఆ ముక్కలో వచ్చిన రీడింగులను నమ్మకూడదు.

దొరికిన లోపం ఎక్కడుందో తెలియాలి కదా. ఉక్కు పైపు లోపలి నుంచి రేడియో సంకేతాలు బయటికి రావు. అందుకే సమాచారమంతా పిగ్ తనలోనే దాచుకుంటుంది. గోడ మీద దొర్లే చిన్న చక్రాలు దూరాన్ని లెక్కపెడతాయి. అవి జారితే వచ్చే తప్పును నేల మీద అక్కడక్కడా పెట్టిన గుర్తు పరికరాలతో సరిదిద్దుతారు. తుప్పు గోడకు లోపలివైపుందా, బయటివైపుందా అన్నది లీకేజీ కొలత ఒక్కదానితో తేలదు. రెండు వైపులదీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. అందుకే లోపలి ఉపరితలాన్ని మాత్రమే పసిగట్టే ఇంకో సెన్సార్ల వలయాన్ని జతచేస్తారు. అది కూడా పలికితే లోపలి తుప్పు. అది పలకకుండా మొదటిది మాత్రమే పలికితే బయటి తుప్పు.

ప్రమాదకరమైన దిశ

ఇప్పుడు పలక దగ్గరికి మళ్లీ వద్దాం. మామూలు పిగ్‌లో అభివాహం పైపు పొడవు వెంబడి పారుతుంది. అంటే పైపు చుట్టుకొలత దిశలో సాగిన లోపాలు, గుంటలు పడిన తుప్పు దానికి బాగా దొరుకుతాయి. పైపు పొడవునా సాగిన సన్నని పగులు మాత్రం నీటి దిశలో నిలబెట్టిన పలకే.

ఒత్తిడితో నిండిన పైపు ఏ దిశలో చీలాలని చూస్తుంది? పలచని గోడ ఉన్న గొట్టంలో, చుట్టుకొలత దిశలో గోడను లాగే బలం పొడవు దిశలో లాగే బలానికి రెట్టింపు ఉంటుంది. ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించి మందంతో భాగిస్తే మొదటిది వస్తుంది. అందులో సగం రెండోది. చుట్టుకొలత దిశలో ఎక్కువగా లాగబడుతున్న గోడ పొడవునా చీలుతుంది. అంటే పైపును బద్దలు చేయడానికి ఎక్కువ అవకాశమున్న పగుళ్లు ఏ దిశలో ఉంటాయో, సరిగ్గా ఆ దిశలోనే ఈ పద్ధతికి చూపు లేదు. ఈ రంగం మొత్తంలో అందరూ అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో ఒక గ్యాసు పైపు బద్దలై 8 మంది చనిపోయారు. 1956లో వేసిన, 30 అంగుళాల వ్యాసమున్న లైను అది. చీలిక మొదలైంది పైపు పొడవునా ఉన్న వెల్డింగు అతుకులో. తయారైన రోజు నుంచే ఆ అతుకు పూర్తిగా అంటుకోలేదు. తుప్పు కాదు, గుంట కాదు. పొడవునా సాగిన ఒక సన్నని లోపం.

దీనికి మందుగా చుట్టుకొలత దిశలో అయస్కాంతీకరించే పిగ్‌లు వచ్చాయి. క్షేత్రం అడ్డంగా పారుతుంది కాబట్టి పొడవు లోపాలు బయటపడతాయి. అయినా అంచులు దగ్గరగా అతుక్కున్న వెంట్రుకలాంటి పగుళ్లు వీటికీ కష్టమే, పొంగడానికి తగినంత గాలి ఖాళీ అక్కడ ఉండదు. అలాంటివాటికి ధ్వని మంచిది. కానీ అల్ట్రాసౌండు గోడలోకి దిగాలంటే సెన్సారుకూ గోడకూ మధ్య ద్రవం ఉండాలి. నూనె లైనులో ఆ ద్రవం ఉచితంగా దొరుకుతుంది. గ్యాసు లైనులో దొరకదు. ఆ చిక్కు నుంచి పుట్టిందే ఈమాట్ అనే పరికరం. అయస్కాంతం పక్కన పెట్టిన కాయిల్‌లోకి మారే కరెంటు పంపితే, పైపు గోడలోనే కరెంట్లు పుట్టి, అయస్కాంత క్షేత్రం వాటిని నెట్టి, గోడే స్వయంగా కంపిస్తుంది. స్పీకరు బయట లేదు, ఉక్కే స్పీకరు. గోడను తాకకుండా, ద్రవం లేకుండా, ధ్వనిని పుట్టించి తిరిగి వినగలిగే ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

సుడి తిరిగే కరెంట్లు

రెండో పెద్ద కుటుంబం ఎడ్డీ కరెంట్లది. 1831లో ఫారడే చూపించిన ప్రేరణ సూత్రమే దీనికి ఆధారం. 1855లో ఫూకో లోహపు పళ్లెంలో ఈ సుడి ప్రవాహాలను గమనించాడు. ఒక తీగచుట్టలో కరెంటు దిశను వేగంగా మారుస్తూ దాన్ని లోహం దగ్గరికి తెస్తే, లోహం లోపల గుండ్రంగా తిరిగే కరెంట్లు పుడతాయి. వాటి అయస్కాంత క్షేత్రం వచ్చి చుట్టను ఎదిరిస్తుంది. పగులు అడ్డొస్తే ఆ కరెంట్లు చుట్టుతిరిగి పోవాలి, ఎదిరింపు మారుతుంది. చుట్ట కొనల దగ్గర వోల్టేజీలో ఆ మార్పు కనిపిస్తుంది. లోహాన్ని తాకనక్కర్లేదు, రంగు గీకనక్కర్లేదు.

కానీ ఈ కరెంట్లు లోతుగా దిగవు. పైపొరలోనే ఎక్కువగా తిరుగుతాయి. వాటి బలం మూడో వంతు కంటే కొంచెం ఎక్కువకు, అంటే 37 శాతానికి, పడిపోయే లోతును స్కిన్ డెప్త్ అంటారు. ఫ్రీక్వెన్సీ పెరిగితే ఆ లోతు తగ్గుతుంది. అల్యూమినియంలో సెకనుకు 100 సార్లు మారే కరెంటుకు ఇది 8 మిల్లీమీటర్లకు పైనే. లక్ష సార్లు మారేదానికి పావు మిల్లీమీటరు. లోతు రెట్టింపు కావాలంటే ఫ్రీక్వెన్సీని నాలుగో వంతుకు తగ్గించాలి. తగ్గిస్తే సిగ్నల్ బలహీనపడుతుంది, చిన్న పగుళ్లు కనబడటం మానేస్తాయి. లోతూ సూక్ష్మతా రెండూ ఒకేసారి దొరకవు.

ఉక్కు దగ్గరికి వస్తే ఇది మరీ ఇబ్బంది. రాగిలో 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 50 సార్లు మారే కరెంటుకు, స్కిన్ డెప్త్ 9 మిల్లీమీటర్లు. ఉక్కు అయస్కాంత రేఖలను రాగి కంటే వందల రెట్లు ఎక్కువగా తనలోకి లాక్కుంటుంది కాబట్టి, అదే 50 హెర్ట్జ్ దగ్గర దాని లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకే పరిమితం. పైగా ఆ లాక్కునే గుణం ఉక్కులో అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒకచోట సుత్తిదెబ్బ తగిలినా, వేడికి గట్టిపడినా, వంగినా మారిపోతుంది. పగులు లేకుండానే సూది కదులుతుంది.

ఈ గందరగోళంలో దారి చూపించినవాడు జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ ఫోర్‌స్టర్. సిగ్నల్ ఎంత పెద్దదన్నది మాత్రమే కాదు, అది ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదీ చూడాలని ఆయన పద్ధతి. రెండింటినీ కలిపి ఒక తలం మీద చుక్కగా గీస్తే, సెన్సారు లోహానికి కాస్త దూరం జరిగినప్పుడు చుక్క ఒక దిక్కుకు పోతుంది. పగులు వచ్చినప్పుడు ఇంకో దిక్కుకు పోతుంది. లోహపు గుణం మారితే మరో దిక్కు. లోతు నుంచి వచ్చే సమాచారం ఆలస్యంగా వస్తుంది, కరెంటు ఒక పూర్తి మారు తిరగడాన్ని 360 డిగ్రీలనుకుంటే ఒక్కో స్కిన్ డెప్త్‌కు సుమారు 57 డిగ్రీల చొప్పున. అంటే ఆలస్యాన్ని బట్టి లోతు అంచనా కట్టొచ్చు. ఎడ్డీ కరెంటు పరీక్ష చేసే మనిషి తెరమీద చూసేది గీత ఎత్తును కాదు, అది తిరిగిన దిక్కును.

అయస్కాంతానికి అంటని లోహాల గొట్టాల్లో, ఉదాహరణకు అణు విద్యుత్ కేంద్రాల ఆవిరి జనరేటర్లలో ఉండే వేలాది సన్నని నికెల్ మిశ్రమ గొట్టాల్లో, ఈ పద్ధతికి సాటి లేదు. మామూలు ఉక్కు గొట్టాలకు మాత్రం ఇంకో ఉపాయం కావాల్సి వచ్చింది.

గోడ దాటి వెళ్లి, తిరిగి వచ్చే క్షేత్రం

ఆ ఉపాయం 1950ల నాటిది. నూనె బావుల్లో దించే ఉక్కు గొట్టాలు లోపల ఎంత బాగున్నాయో, బయట ఎంత పాడయ్యాయో తెలుసుకోవాల్సిన అవసరం నుంచి వచ్చింది. దీన్ని రిమోట్ ఫీల్డ్ పద్ధతి అంటారు. మొదటిసారి చదివినప్పుడు ఎవరికైనా తిరకాసుగా అనిపిస్తుంది.

గొట్టం లోపల ఒక చుట్ట పెట్టి, తక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంటు పంపుతారు. వినే చుట్టను దాని పక్కనే కాకుండా గొట్టం వ్యాసానికి రెండు మూడు రెట్ల దూరంలో పెడతారు. గొట్టం లోపలి నుంచి నేరుగా వచ్చే క్షేత్రం అంత దూరం రాలేక మధ్యలోనే చచ్చిపోతుంది. కొంత క్షేత్రం మాత్రం గోడను చీల్చుకుని బయటికి పోతుంది. బయట దానికి అడ్డు లేదు కాబట్టి గొట్టం వెంబడి సాగి, దూరాన మళ్లీ గోడలోంచి లోపలికి దిగుతుంది. వినే చుట్టకు చేరేది అదే. రెండుసార్లు గోడ దాటి వచ్చిన సంకేతం కాబట్టి, ఆలస్యాన్ని కొలిస్తే గోడ మందం తెలిసిపోతుంది. లోపలి తుప్పైనా, బయటి తుప్పైనా దానికి ఒకటే.

దీనికి వచ్చిన సొంత తిప్పలూ ఉన్నాయి. సంకేతం చాలా చిన్నది, మైక్రోవోల్టుల్లో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తక్కువ కాబట్టి మెల్లగా లాగాలి. ఒకే గుంట రెండుసార్లు కనిపిస్తుంది: పంపే చుట్ట దాని మీదుగా పోయినప్పుడొకసారి, వినే చుట్ట పోయినప్పుడొకసారి. ఈ సంగతి గుర్తుపెట్టుకోకపోతే ఒక గుంటను రెండుగా లెక్కేస్తారు. బాయిలరు గొట్టాలకూ, నగరాల కింద పాతిన పాత పోత ఇనుప నీటి గొట్టాలకూ దీన్ని వాడతారు.

వేడి పోకుండా మందంగా కప్పిన పైపులకు పల్స్‌డ్ ఎడ్డీ కరెంటు ఉంది. కరెంటును ఒక్కసారిగా ఆపేసి, గోడలో పుట్టిన సుడులు ఎంత సేపటికి చల్లారతాయో చూస్తారు. గోడ పలచనైతే తొందరగా చల్లారతాయి. ఆ కప్పినది తీయకుండానే మందం తెలుస్తుంది, కానీ తెలిసేది ఆ చుట్టుపక్కల సగటు మందమే. సూదిమొనంత రంధ్రం ఆ సగటులో మునిగిపోతుంది. సముద్రంలో నూనె వేదికల కాళ్ల మీది వెల్డింగులకు, 1980ల్లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో రూపుదిద్దుకున్న ఇంకో పద్ధతి ఉంది. లోహపు పైపొరలో సమానంగా కరెంటు పారించి, పగులు అంచుల దగ్గర అది వంపు తిరిగే తీరును బట్టి పగులు పొడవు, మధ్యలో పలచబడే తీరును బట్టి లోతు లెక్కగడతారు. పెయింటు గీకనక్కర్లేకపోవడం నీళ్లలో పనిచేసేవాళ్లకు పెద్ద వరం.

పట్టాల సంగతి

1911 ఆగస్టు 25న న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ దగ్గర ఒక రైలు పట్టా విరిగి 29 మంది చనిపోయారు. విరిగిన పట్టాను పరిశీలిస్తే, పైకి ఏ మచ్చా లేదు. పట్టా తల (చక్రాలు దొర్లే పై భాగం) లోపల, మధ్యలో ఎక్కడో పుట్టిన పగులు అడ్డంగా పెరుగుతూ వచ్చింది. ఉక్కు చల్లారేటప్పుడు లోపల చిక్కుకున్న హైడ్రోజన్ వల్ల ఇలాంటివి మొదలవుతాయని తర్వాత తేలింది. 1930ల నుంచి పట్టాలను అదుపులో చల్లార్చడం మొదలయ్యాక కొత్త పట్టాల్లో ఇవి బాగా తగ్గాయి. అప్పటికే వేసిన లక్షల టన్నుల పట్టాల మాటేమిటి?

గైరో దిక్సూచితో పేరు తెచ్చుకున్న ఎల్మర్ స్పెర్రీ దీన్ని తలకెత్తుకున్నాడు. 1928లో ఆయన తయారుచేసిన బండి పట్టాల మీదికి వచ్చింది. బ్రష్షుల ద్వారా పట్టాలోకి చాలా పెద్ద కరెంటును పంపడం, అది పారేటప్పుడు పట్టా చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని చుట్టలతో వింటూ పోవడం దాని పని. కరెంటు పట్టా పొడవునా పారుతుంది. వెతుకుతున్న పగులు అడ్డంగా ఉంటుంది. పలక, నీళ్లు చక్కగా కుదిరిపోయాయి. లోపలెక్కడో ఉన్న పగులును కూడా కరెంటు చుట్టుతిరిగి పోవాల్సిందే, పైన క్షేత్రం వంకర తిరగాల్సిందే. ఏ పగులు కోసం వెతుకుతున్నామో, అది ఏ దిశలో ఉంటుందో ముందుగా తెలుసుకుని, దానికి తగ్గట్టు పరికరాన్ని కట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ పద్ధతి పట్టా తలకే పరిమితం. నడుం భాగంలో, అడుగున, బోల్టు రంధ్రాల చుట్టూ పుట్టే పగుళ్లు దానికి అందవు. అందుకే తర్వాతి దశాబ్దాల్లో అల్ట్రాసౌండు ముందుకొచ్చి పట్టా తనిఖీలో మొదటి స్థానం తీసుకుంది. అయస్కాంత పద్ధతుల పని అయిపోయినట్టే కనిపించింది.

2000 అక్టోబరు 17న ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్ దగ్గర వేగంగా పోతున్న రైలు కింద పట్టా 300కు పైగా ముక్కలైంది. 4గురు చనిపోయారు, 70 మందికి పైగా గాయపడ్డారు. ఈసారి కారణం లోపల పుట్టిన పగులు కాదు. చక్రాలు ఒరుసుకునే లోపలి మూలలో, పైపొర నుంచి మొదలై ఏటవాలుగా దిగిన సన్నని పగుళ్లు, పక్కపక్కనే వరుసగా ఉన్నాయి. పట్టా పరిస్థితి బాగాలేదని ముందే తెలుసు, మార్చే పని ఆలస్యమైంది.

ఇలాంటి చోట అల్ట్రాసౌండుకు ఒక బలహీనత ఉంది. పైనున్న చిన్న పగుళ్లు ధ్వనిని అక్కడికక్కడే వెనక్కి తిప్పేస్తాయి. వాటి కింద పెద్దది ఒకటి పెరుగుతున్నా నీడలో ఉండిపోతుంది. పైపొరలోని పగుళ్లకు ఎడ్డీ కరెంటు సరిపోతుంది. ఉక్కులో లోతుగా దిగలేకపోవడం అనే దాని లోపమే ఇక్కడ అక్కరకొచ్చింది, చూడాల్సింది పైపొరే కాబట్టి. ఇప్పుడు తనిఖీ బళ్లలో, పట్టాలు సానపట్టే యంత్రాలలో మూలకు దగ్గరగా ఈ చుట్టలు అమర్చుతారు. ఎంత మందం గీకేస్తే పగుళ్లు పోతాయో తెలిస్తే, అంతే గీకొచ్చు.

అయితే ఎడ్డీ కరెంటు చెప్పేది పగులు లోపలికి ఎంత పొడవు పాకిందన్నది. ఎంత లోతుకు దిగిందన్నది కాదు. పగులు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి, ఆ వాలు కోణం ఇంత ఉంటుందని ఊహించి లోతు లెక్కకడతారు. పగులు మధ్యలో వంగి నిటారుగా దిగడం మొదలుపెడితే ఆ లెక్క తప్పుతుంది. నిజంగా ప్రాణాంతకమైన పగుళ్లు సరిగ్గా అలా వంగినవే. అందుకే ఎడ్డీ కరెంటు, అల్ట్రాసౌండు రెండూ ఒకే బండి మీద ఉండాలి. ఒకటి పెట్టి రెండోది తీసేయడం పొదుపు కాదు.

సిగ్నల్ నుంచి లోపానికి

ఇక్కడిదాకా లోపం నుంచి సిగ్నల్ ఎలా వస్తుందో చూశాం. పని చేసేవాళ్లకు కావాల్సింది ఎదురు దారి: చేతిలో సిగ్నల్ ఉంది, లోపం ఏమిటి? ఈ దారిలో చిక్కు ఎక్కువ. వెడల్పైన, తక్కువ లోతున్న గుంట ఇచ్చే లీకేజీ, ఇరుకైన, లోతైన గుంట ఇచ్చే లీకేజీకి దగ్గరగా ఉండొచ్చు. మొదటిది ఇంకో పదేళ్లు ఏమీ చేయదు. రెండోది ఇంకో ఏడాదికి కారుతుంది.

పరికరాలను సరిచూడటానికి ఉక్కులో కావాలని గాడులు కోసి, తెలిసిన లోతు మీద పరీక్షిస్తారు. మంచి పనే. కానీ కోసిన గాడికీ నిజమైన పగులుకూ తేడా ఉంది. గాడి గోడలు ఒకదాన్నొకటి తాకవు. నిజమైన పగులు అంచులు అక్కడక్కడా ఒరుసుకుంటూ ఉంటాయి, ఆ చుక్కల గుండా కరెంటు దాటిపోతుంది. ఒకే లోతున్నా నిజం పగులు గాడి కంటే చిన్నగా పలుకుతుంది.

లీకేజీ పిగ్‌లకు మామూలుగా చెప్పే ఖచ్చితత్వం ఇలా ఉంటుంది: గోడ మందంలో ప్లస్ లేదా మైనస్ 10 శాతం, 80 శాతం నమ్మకంతో. 10 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపులో ఒకచోట 40 శాతం తుప్పు అని రిపోర్టు వచ్చిందనుకోండి. అంటే అలాంటి పది చోట్ల ఎనిమిదింటిలో అసలు లోతు 3 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మిగతా రెండు చోట్ల ఆ హద్దులు దాటి ఉండొచ్చు, ఏ రెండు చోట్లో రిపోర్టు చెప్పదు. పట్టికలో 40 అని అచ్చైన అంకెను 40గానే చదివేసి సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

అందుకే పిగ్ బయటికొచ్చాక పని అయిపోదు. రిపోర్టులోని కొన్ని చోట్లను ఎంచుకుని నేల తవ్వుతారు. పెద్ద సిగ్నళ్లు ఇచ్చినవి మాత్రమే ఎంచుకుంటే సరిపోదు. ఓ మోస్తరువీ, పరికరం దాదాపు ఏమీ లేదన్నవీ కూడా కొన్ని ఉండాలి, లేకపోతే అది వదిలేసినవాటి గురించి ఎప్పటికీ తెలియదు. పైపు మీది పూత తీసి, ఉక్కు మెరిసే దాకా తుడిచి, గుంట లోతును చేతి గేజితో కొలుస్తారు. పొడవు పగుళ్ల కోసం అదే ముక్క మీద ఇనుప రజను చల్లి, క్షేత్రాన్ని ముందు ఒక దిశలో, తర్వాత అడ్డదిశలో నడిపి చూస్తారు. గోతిలో కూర్చున్న మనిషి పిగ్ చెప్పిన లోతు పక్కనే తాను కొలిచిన లోతు రాస్తాడు. ఆ రెండు అంకెల జతలు విశ్లేషకుల దగ్గరికి తిరిగి వెళ్తాయి. తేడా ఒకే వైపుకు పదేపదే వస్తుంటే, తవ్వని వందల చోట్ల అంకెలను కూడా దాన్నిబట్టి మళ్లీ లెక్కవేస్తారు.